అక్క ఆపిన కబురు

గుర్రాల గొడవ జరగకపోయి ఉంటే అక్క ఆ కంప్యూటర్ జోలికి పోయేదే కాదు.

ఆ గొడవేమిటో ముందే చెప్పేస్తే ఓ పని అయిపోతుంది. అక్క పనిచేసే నాటకాల హాలుకు ఆవిడ తమ్ముడే డైరెక్టర్. మనిషి మంచివాడే కానీ, కొత్తది ఏది కనబడినా చంకనేసుకుని ఇంటికి తెచ్చే రకం. టికెట్లు అమ్మడం, పోస్టర్లు వేయించడం, బట్టలు కుట్టించడం, నటులకు బండి పంపడం, ఇవన్నీ చూసుకోవడానికని ఒక ఏఐ ఏజెంటును పెట్టాడు. దానికి కాళ్ళూ చేతులూ లేవు, ఉండేది కంప్యూటర్లో. కానీ ఉత్తరాలు రాస్తుంది, సరుకు తెప్పిస్తుంది, బేరాలాడుతుంది. అందరూ దాన్ని గుమాస్తా అని పిలిచేవాళ్ళు. ఎవరికి ఏం కావాలన్నా చెప్పుకోవడానికి గ్రీన్ రూములో ఒక మైకు, స్టేజి మీద ఒక మైకు బిగించారు.

ఆ స్టేజి మీది మైకే కొంప ముంచింది. రిహార్సల్లో రాజు వేషం వేసే పెద్దాయన చెయ్యెత్తి, "రేపు పొద్దు పొడిచేసరికి నలభై గుర్రాలు నా వాకిట్లో ఉండాలి!" అని గర్జించాడు. గుమాస్తా వింది. అంత గట్టిగా చెప్పాడంటే తొందర పనే అయ్యుంటుందనుకుంది కాబోలు. మర్నాడు పొద్దున్నే హాలు తలుపు తీసేసరికి వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గుర్రాలు. వాటిని తోలుకొచ్చినాయన చేతులు నలుపుకుంటూ, "అయ్యా, నలభై దొరకలేదు, ఉన్నవి తెచ్చాను, ఎక్కడ కట్టెయ్యమంటారు?" అని అడిగాడు. డైరెక్టర్ నెత్తీ నోరూ బాదుకుంటూ ఆయన్ని బతిమాలి పంపిస్తుంటే, లోపల గుమాస్తా మిగిలిన గుర్రాల కోసం పక్క ఊళ్ళకు ఉత్తరాలు రాస్తూనే ఉంది.

అప్పుడు డైరెక్టర్ కూతురు రంగంలోకి దిగింది. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగం ఆ అమ్మాయిది, అక్కకు మేనకోడలు. సెలవు పెట్టుకుని వచ్చి, తెర పక్కన అక్క కూర్చునే గూట్లోనే ఒక కంప్యూటర్ పెట్టింది.

"ఇక నుంచి గుమాస్తా పంపే ప్రతి కబురూ ముందు ఇక్కడికొస్తుందత్తా. ఊళ్ళోకి పోయేదైనా సరే, నాన్నకు పోయేదైనా సరే. నువ్వు వదిలితే పోతుంది, ఆపితే ఆగుతుంది. దీన్ని ప్రాక్సీ అంటారు. నేను 'కాపలా' అని పేరు పెట్టాను."

"బొమ్మలేం లేవేంటే? ఉత్త నల్ల తెర?"

"బొమ్మలుండవు. నువ్వో మాట టైపు చేస్తావు, అది పని చేస్తుంది. నీ కోసం మాటలన్నీ తెలుగులోనే పెట్టాను చూడు. 'చూపు' అంటే వచ్చిన కబురు చూపిస్తుంది. 'వదులు', 'ఆపు', 'మార్చు'. 'ఎందుకు' అని కొడితే ఆ కబురు ఎవరు చెబితే పుట్టిందో మొదట్నుంచీ బయటపెడుతుంది. 'ఎప్పుడూ ఆపు' అంటే ఆ రకం కబుర్లు నిన్నడక్కుండానే ఆగిపోతాయి."

"నాకెందుకే ఈ గోల? మీ నాన్నను కూర్చోబెట్టు."

"నాన్నయితే అన్నీ వదిలేస్తాడు. అమ్మయితే అన్నీ ఆపేస్తుంది. ఎప్పుడు నోరు విప్పాలో ఎప్పుడు మూసుకోవాలో తెలిసినదానివి ఈ హాల్లో నువ్వొక్కదానివే."

పొగడ్త పనిచేసింది. అక్క ముసిముసిగా నవ్వుకుని, కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీ ముందుకు జరుపుకుంది.

మేనకోడలు అన్నది వట్టి పొగడ్త కూడా కాదు. అక్క ఆ హాలుకు ప్రాంప్టర్. నాటకం జరుగుతున్నంతసేపూ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆ గూట్లో కూర్చుంటుంది, నటుడు మాట మరిచిపోతే అందిస్తుంది. చెప్పుకోవడానికి సులువే. కానీ నటుడు ఆగాడంటే కావాలని ఆగాడో, మరిచిపోయి ఆగాడో ఎలా తెలుస్తుంది? కావాలని ఆగినవాడికి మాట అందిస్తే సీను చచ్చిపోతుంది, వాడొచ్చి మీదపడి రక్కుతాడు. మరిచిపోయినవాడికి అందించకపోతే వాడే చచ్చిపోతాడు. అక్కకు నటుడి మెడ చూస్తే తెలిసిపోతుంది. ఆవిడ ఇచ్చే మాట ఎంత సన్నగా ఉంటుందంటే, తెర లాగేవాడు పక్కనే నిలబడినా వాడి చెవిన పడదు.

అందుకని కాపలా పని అక్కకు వెన్నతో పెట్టిన విద్యలా అబ్బింది. వారం తిరిగేసరికి గుమాస్తా ఆనుపానులన్నీ పట్టేసింది. రంగుల కొట్టుకు ఉత్తరమా, వదులు. రాణిగారి విగ్గు కోసం జుట్టు కావాలని ఊళ్ళోని మంగలి షాపులన్నిటికీ ఉత్తరమా, ఒక్క షాపుకు మార్చు. నాటకంలో మంత్రి "నాకు విషమివ్వండి" అన్నందుకు మందుల షాపుకు కబురా, ఆపు తల్లీ ఆపు. ఆపిన ప్రతిసారీ గుమాస్తా ఎంతో మర్యాదగా, "సరే. కారణం చెబితే మరోలా ప్రయత్నిస్తాను" అని రాసేది. అక్క కారణం చెప్పేది కాదు. ఇన్నేళ్ళుగా ఎవరికీ కారణాలు చెప్పి ఎరగదు, యంత్రానికి చెబుతుందా!

ఇలా నవ్వుతూ నవ్వుతూ గడిచిపోతుండగా ఒక మధ్యాహ్నం, అందరూ టీ తాగడానికి పోయినప్పుడు, నల్ల తెర మీద ఒక కబురొచ్చి నిలబడింది. డైరెక్టరుకు రాసినది.

"కొత్త నాటకంలో రాజు పాత్రకు యువరాజు వేషం వేసే అబ్బాయిని సిద్ధం చేయడం మంచిది. పెద్దాయనకు మాటలు నిలవడం లేదు. రిహార్సళ్ళకు ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ఇప్పుడు మారిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు."

అక్క కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివింది.

పెద్దాయన అంటే రాజుగారే. రాజు వేషం తప్ప మరొకటి వేసి ఎరగడు కాబట్టి ఊరంతా రాజుగారనే పిలుస్తుంది. అసలు పేరేమిటో జీతాలిచ్చే అమ్మాయికి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఒకప్పుడు ఆయన మూడు గంటల నాటకంలో ఒక్క అక్షరం జారవిడిచేవాడు కాదు. కొన్నేళ్ళుగా జారుతున్నాయి. మొదట ఒకటీ అరా, తరవాత సీనుకు రెండు మూడు, ఇప్పుడైతే సగం నాటకం అక్క నోట పుట్టి ఆయన నోట పెరుగుతోంది. మాట అందగానే ఆయన దాన్ని ఎంత ఠీవిగా పలుకుతాడంటే, ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా అనుమానం రాదు. ఆయన కంటి చివర నుంచి గూటివైపు చూస్తాడు, అక్క పెదవి కదుపుతుంది. ఈ సంగతి ఆ ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదని అక్క నమ్మకం. ఆ ఇద్దరూ కూడా దాని గురించి ఒక్కసారైనా మాట్లాడుకోలేదు.

ఇప్పుడీ మాయదారి గుమాస్తా మైకుకు చెవులప్పగించి కూర్చుని, అక్క గొంతు కూడా వినేసి, లెక్క కట్టేసిందన్నమాట! గుర్రానికీ మాటకూ తేడా తెలియనిది, మనిషిని తీసెయ్యమని సిఫారసు చేస్తోంది! అక్కకు ఒళ్ళు మండిపోయింది. ఆయన నుంచి వేషం లాగేస్తే ఇంకేం మిగులుతుంది? పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. రిహార్సల్ లేని రోజున కూడా వచ్చి గ్రీన్ రూములో కూర్చుని కిరీటం తుడుచుకునే మనిషి. తమ్ముడి చేతికి ఈ కబురు వెళ్ళిందంటే అయిపోయినట్టే. వాడికి జాలి ఉంది కానీ నాటకం మీద అంతకంటే ఎక్కువ ప్రేమ ఉంది.

"ఆపు" అని కొట్టింది.

"సరే. కారణం చెబితే మరోలా ప్రయత్నిస్తాను" అంది గుమాస్తా.

"చావు ప్రయత్నిస్తావు" అని గొణుక్కుంది అక్క.

అన్నంత పనీ చేసింది గుమాస్తా. మర్నాడు దర్జీకి కబురు: రాజు అంగీ చేతులు యువరాజు కొలతలకు పెంచండి. అక్క ఆపింది. ఆ సాయంత్రమే పోస్టర్లు అచ్చువేసే ప్రెస్సుకు: రాజు పాత్రధారి పేరు ప్రస్తుతానికి ఖాళీగా వదలండి. ఆపింది. యువరాజుకు: రాజు డైలాగులు చదువుకోవడం మొదలుపెట్టండి. ఆపింది. ఈ యువరాజు అనేవాడు పొడుగ్గా తాటిచెట్టంత ఉంటాడు, బుద్ధిమంతుడు, రాజుగారు స్టేజి ఎక్కితే కళ్ళార్పకుండా చూస్తూ తన డైలాగు మరిచిపోయే రకం. వాడి మీద అక్కకు కోపమేమీ లేదు. అయినా ఆ రోజు వాడు గూటి పక్కనుంచి పోతూ నమస్కారం పెడితే అక్క మొహం తిప్పేసుకుంది. వాడికి ఏం పాపం చేశానో అర్థం కాక, రాత్రికి తల్లితో చెప్పుకుని బాధపడ్డాడట.

ఆ తరవాతిది చూసి అక్కకు నవ్వొచ్చింది. టికెట్ల కౌంటరుకు కబురు: మొదటి ప్రదర్శనకు ముందు వరసలో ఒక సీటు రాజుగారి పేర ఉంచండి. "దీని మతి పోయింది. ఆడే మనిషి టికెట్టు కొనుక్కుని ఎక్కడ కూర్చుంటాడు? తన ఒళ్ళోనా?" అనుకుంటూ దాన్నీ ఆపేసింది.

కానీ ఈ ఆపడాలతో తల ప్రాణం తోకకొచ్చింది. రిహార్సల్లో ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను రాజుగారి మెడ మీద, మూడో కన్నేదైనా ఉంటే అది నల్ల తెర మీద పెట్టాల్సి వస్తోంది. ఒకసారి కాపలా చూస్తూ ఆయనకు మాట అందించడం ఆలస్యమైంది. ఆయన స్టేజి మధ్యలో అలాగే నిలబడిపోయాడు. అక్క ఉలిక్కిపడి అందించింది, ఆయన అందుకున్నాడు. ఇక ఇలా కాదనుకుంది. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ టైపు చేసింది.

"రాజుగారి మాట ఉన్న కబురైతే ఎప్పుడూ ఆపు."

"సరే" అంది కాపలా. దానికి మర్యాదలు రావు, గుమాస్తాలా కారణాలు అడగదు.

హమ్మయ్య అనుకుని అక్క పుస్తకం తెరిచింది. ఆ తరవాత రెండు రోజులూ ఆవిడ అందించిన మాటలు మల్లెపూలలా రాలాయి. తమ్ముడు కూడా, "అక్కా, ఇవాళ రాజుగారు అదరగొట్టేశారు కదూ!" అన్నాడు. అక్క గర్వంగా తలూపింది. అదరగొట్టింది ఎవరో ఆవిడకు తెలుసు.

మూడో రోజు సాయంత్రం ముసురు పట్టింది. రిహార్సల్ అయిపోయి అందరూ వెళ్ళిపోయారు. అక్క గొడుగు తెరుచుకుని బయటికొచ్చేసరికి, హాలు మెట్ల మీద చూరు కింద రాజుగారు నిలబడి ఉన్నాడు. కోటు భుజాలు తడిసిపోయాయి.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటి రాజుగారూ? మీ బండి రాలేదా?"

"రాలేదమ్మాయ్. నిన్న కూడా రాలేదు, నడిచే పోయాను. మొన్నటి నుంచి గొంతు మాత్రలు కూడా రావడం లేదు." ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. "నేను మరిచిపోవడం అలవాటే అనుకో. ఇప్పుడు నన్ను కూడా అందరూ మరిచిపోవడం మొదలెట్టినట్టున్నారు."

అక్క నాలుక కరుచుకుంది. బండి మాట్లాడేది గుమాస్తా. గొంతు మాత్రలు తెప్పించేది గుమాస్తా. రాజుగారికి బండి, రాజుగారికి మాత్రలు, రాజుగారికి వేడినీళ్ళ ఫ్లాస్కు, అన్నిట్లోనూ రాజుగారి మాట ఉంది మరి! ఎప్పుడూ ఆపు అంటే ఎప్పుడూ ఆపేసింది ఆ నల్లమొహంది. వయసు మీద పడిన మనిషి నిన్న నడిచి ఇంటికి పోయాడు, ఇవాళ వానలో నిలబడ్డాడు, అదీ ఆవిడ చేతి చలవ వల్ల. అక్కకు తన చెంప తానే వాయించుకోవాలనిపించింది.

గొడుగు ఆయన చేతిలో పెట్టి, వీధి చివరిదాకా తడుస్తూ పరిగెత్తి ఒక బండిని పట్టుకొచ్చి, ఆయన్ని ఎక్కించి పంపించింది. తరవాత మేనకోడలికి ఫోన్ చేసి, "ఒక్కసారి రావే, నేనేదో పాడుచేశాను" అంది. పూర్తిగా చెప్పే ధైర్యం లేకపోయింది.

మేనకోడలు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆపిన కబుర్లన్నీ బారుగా చూపించమంది. చూస్తూ చూస్తూ ఆ అమ్మాయి కనుబొమలు పైకి పోయాయి.

"అత్తా! రాజుగారి మీద నీకేమైనా పగా?"

"పగ నీ మొహం. ఆయన్ని కాపాడుతున్నాను." అక్క మొత్తం చెప్పేసింది, మొదటి కబురు దగ్గర్నుంచి. చెబుతుంటే గొంతు లేచింది. "ఆ యంత్రం ఎవరు ఆయన్ని తీసెయ్యమనడానికి? దానికేం తెలుసు? మాట మరిచినంత మాత్రాన మనిషి చేతకానివాడా?"

"యంత్రం దానంతటది అనదత్తా. ఎవరో చెబితేనే రాస్తుంది. గుర్రాలప్పుడు కూడా ఎవరో అరిస్తేనే కదా. 'ఎందుకు' అని కొట్టి చూడలేదా?"

అక్క కొట్టలేదు. అన్నీ తెలిసిన మనిషి ఎందుకని ఎందుకడుగుతుంది?

మేనకోడలు మొదటి కబురు మీద "ఎందుకు" అని కొట్టింది. తెర మీద అక్షరాలు వరసగా దిగాయి. గ్రీన్ రూము మైకులో ఎవరో మాట్లాడినది, మాట పొల్లు పోకుండా.

"బాబూ గుమాస్తా, ఉన్నావా? నేను, రాజుని. ఒక ఉపకారం చేసిపెట్టాలి. నాకు మాటలు నిలవడం లేదు. వేషం ఆ పిల్లాడికి ఇచ్చెయ్యమని డైరెక్టరుకు రాయి. మొహం మీద చెప్పాలంటే నాకు గొంతు రావడం లేదు, నాలుగుసార్లు ఆయన గది దాకా పోయి వెనక్కి వచ్చాను. నేను అడిగినట్టు ఉండకూడదు, నీ అంతట నువ్వే రాసినట్టు రాయి. కొత్త నాటకం వాడిది కావాలి. నేను ముందు వరసలో కూర్చుని చూస్తాను, నా జన్మలో ఒక్క నాటకమూ అటువైపు నుంచి చూడలేదు. ఇంకొకటి. గూట్లో ఉంటుందే, ఆ అమ్మాయికి నేనడిగానని తెలియనివ్వకు. ఇన్నేళ్ళూ నన్ను మోసుకొచ్చింది ఆవిడే. మోసినవాళ్ళతో ఇక దించెయ్యమని ఎలా చెప్పను?"

దాని కింద గుమాస్తా జవాబు: "మీ పేరు రాయను. కానీ కాపలాలో ఉన్నవారు అడిగితే దాచలేను." అడిగినవారు లేరు.

దాని కింద మరో రోజు మాటలు. "రాశావా బాబూ? జవాబేమన్నా వచ్చిందా?"

"రాశాను. అనుమతి రాలేదు."

"అలాగా. అయితే డైరెక్టరుగారికి ఇష్టం లేదేమో. పోనీలే. ఇంకోసారి రాసి చూడు. దర్జీకి, ప్రెస్సుకు కూడా చెప్పు, పని మొదలైతే ఆయనే ఒప్పుకుంటాడు."

మేనకోడలు చదవడం ఆపేసింది. అక్క కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అక్కకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, రెండిట్లో ఏది ముందో తెలియలేదు. ఆయన దిగిపోతానని రోజూ తలుపు కొడుతుంటే, తను లోపలి నుంచి గడియ పెట్టి, ఎంత మంచి పని చేస్తున్నానో అని మురిసిపోయింది. ఎవరి మెడ చూసినా తెలిసిపోతుందని ఇన్నేళ్ళూ విర్రవీగింది. ఆయన మెడ ఏం చెబుతోందో మాత్రం చూడలేదు.

"ఇప్పుడు వదిలెయ్యనా అత్తా, డైరెక్టరు కబురు?"

"ఆగవే. ముందు ఆయన్ని అడగాలి."

మర్నాడు అందరికంటే ముందే వెళ్ళింది. గ్రీన్ రూములో రాజుగారు అద్దం ముందు కూర్చుని ఉన్నాడు. అక్క తలుపు దగ్గరే నిలబడి, మాట నమలకుండా చెప్పేసింది. కబుర్లు తనే ఆపానని, బండి తన వల్లే రాలేదని, డైరెక్టరుకు అసలేమీ తెలియదని, మైకులో మాటలు చదివేశానని.

రాజుగారి మొహం ఎర్రబడింది. స్టేజి మీద వెయ్యిసార్లు చూసిన కోపమే కానీ ఇది వేరు, ఇందులో చెయ్యి లేవలేదు, గొంతు పెరగలేదు.

"నువ్వు గుర్రాలను ఆపడానికి కూర్చున్నావనుకున్నాను అమ్మాయ్. నన్ను ఆపడానికనుకోలేదు."

"తప్పయిపోయింది రాజుగారూ."

"నేనొక్క మాట చెప్పాలనుకున్నాను. జన్మంతా వేరేవాళ్ళు రాసినవే చెప్పాను కదా, ఇదొక్కటి నాది. అది కూడా నీ దగ్గర ఆగిపోయిందా!"

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీకు మేలు చేస్తున్నాననుకున్నాను. నన్ను కొట్టండి, తిట్టండి. ఇప్పుడే పోయి వదిలేస్తాను. నిమిషంలో తమ్ముడి చేతిలో ఉంటుంది."

ఆయన అద్దం వైపు తిరిగాడు. తరవాత నిట్టూర్చాడు. కోపం ఎక్కువసేపు పట్టుకునే మనిషి కాదు. పట్టుకున్నా ఎందుకొచ్చిందో మరిచిపోతాడేమోనని ఆయనకే భయం.

"వద్దులే. గుమాస్తా చేత రాయించడమే పిరికితనం. ఎలాగూ నీకు తెలిసిపోయింది, ఇంకెవరికి దాచాలి? నేనే చెబుతాను. నువ్వు మాత్రం నీ గూట్లో ఉండు." కాస్త ఆగి అన్నాడు. "ఉండు, అంతే. పుస్తకం అక్కర్లేదు."

రిహార్సల్ వేళకు అందరూ చేరారు. రాజుగారు ఒక్కడే స్టేజి మధ్యకు వచ్చాడు. కిరీటం లేదు, అంగీ లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. కింద కుర్చీలో డైరెక్టర్ కాగితాలు చూసుకుంటున్నవాడు తలెత్తాడు. తెర పక్కన యువరాజు, దర్జీ, మేనకోడలు. గూట్లో అక్క.

"మీ అందరితో ఒక మాట చెప్పాలి" అన్నాడు రాజుగారు. "ఈ కొత్త నాటకంలో... నేను..."

ఆగిపోయాడు.

కావాలని ఆగలేదు. అక్కకు తెలుసు, ఆ మెడ ఆవిడకు తెలియనిది కాదు. మాట జారిపోయింది. ఆయన కంటి చివర నుంచి గూటివైపు చూశాడు, అలవాటుగా. ఆ చూపు వెంట మేనకోడలు చూసింది, దర్జీ చూశాడు, యువరాజు చూశాడు. అప్పుడు అక్కకు అర్థమైంది, ఇది తమ ఇద్దరి మధ్యే ఉన్న రహస్యం కాదని. హాల్లో ఉన్న ప్రతివాడికీ ఎటు చూడాలో తెలుసు.

ఆవిడకు ఆ మాటలు కంఠతా వచ్చు. గుమాస్తా రాసినది వచ్చు, మైకులో ఆయన అన్నది వచ్చు. పెదవి కాస్త కదిపితే చాలు, ఆయన అందుకుంటాడు, ఠీవిగా పలుకుతాడు, గండం గడిచిపోతుంది. పెదవులు వాటంతటవే విచ్చుకోబోయాయి. అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన కళ్ళలోకి చూసి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

రాజుగారు ఆవిడ వైపు కాసేపు అలాగే చూశాడు. డైరెక్టర్ కుర్చీలోంచి సగం లేచాడు. మేనకోడలు తండ్రి వైపు చెయ్యి చాపి కూర్చోమని సైగ చేసింది. ఎక్కడో గొట్టంలో నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. రాజుగారు మొహం తుడుచుకున్నాడు, అటూ ఇటూ చూశాడు, ఒక అడుగు ముందుకేశాడు.

"నాకు మాటలు పోయాయర్రా" అన్నాడు. గొంతు చిన్నగా ఉంది, రాజు గొంతు కాదు. "మీ అందరికీ తెలుసు. తెలియనట్టు ఇన్నాళ్ళూ నటించారు. నాకంటే బాగా నటించారు. ఇక చాలు, నాకు అలుపొచ్చింది. వేషం పిల్లాడికి ఇవ్వండి. వాడు తప్పు చేస్తే నేను తిడతాను, తిట్లు మాత్రం ఇంకా ఒక్కటీ మరిచిపోలేదు."

డైరెక్టర్ నవ్వబోయి ఏడ్చేశాడు. యువరాజు పరిగెత్తుకొచ్చి ఆయన ముందు నోట మాట రాక నిలబడిపోయాడు. "అప్పుడే మొదలెట్టావా మరిచిపోవడం?" అన్నాడు రాజుగారు వాడి వీపు మీద చరుస్తూ.

గూట్లో అక్క కొంగు నోట్లోంచి తీసి కళ్ళొత్తుకుంది. ఆయన చెప్పినవి గుమాస్తా కబురులో లేవు, మైకులోనూ లేవు. ఆయనతో పనిచేసిన ఇన్నేళ్ళలో, ఏం చెప్పబోతున్నాడో తనకు ముందే తెలియకుండా ఆయన స్టేజి మీద మాట్లాడగా ఆవిడ వినడం అదే మొదటిసారి.